స్పెయిన్ సంచుల అధ్యయనం

మా పిన్ని కాపీ కొట్టిందని కాలేజీ వాళ్ళు నోటీసు పంపారు. పందొమ్మిదేళ్ళుగా అదే కాలేజీ గేటు ఎదురుగా జిరాక్స్ షాపు నడుపుతున్న మనిషికి అలాంటి నోటీసు వస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. నాకూ వచ్చింది. పిన్ని నా చెయ్యి మీద ఒక్కటేసి, "నవ్వింది చాలు గానీ, కింద ఏం రాశారో చదువు" అంది.

కింద రాసింది నవ్వొచ్చేది కాదు. ఆమె ఇచ్చిన మూడో సంవత్సరం వ్యాసం వేరెవరి అధ్యయనం నుంచో ఎత్తి రాసినట్టు అనుమానం ఉందట. విచారణలో రుజువైతే వ్యాసం రద్దు, ఈ ఏడాది పరీక్షలు రాయడానికి వీల్లేదు.

ఏడాది పోతే వచ్చే ఏడాది రాసుకోవచ్చు కదా అంటారేమో. అదే కుదరదు. పిన్ని చదువుతున్నది సామాజిక శాస్త్రం, రాజనీతి, అర్థశాస్త్రం, భాషగా స్పానిష్. పిల్లలు చేరడం లేదని స్పానిష్‌ను పిన్ని బ్యాచ్‌తోనే మూసేస్తున్నారు. వచ్చే ఏడాదికి క్లాసూ ఉండదు, పరీక్షా ఉండదు, చెప్పే మేడమూ ఉండదు. ఈసారి పాసైతే డిగ్రీ. లేకపోతే నలభై రెండో ఏట మొదలుపెట్టిన చదువు నలభై ఐదో ఏట చెత్తబుట్టలోకి.

ఆమెతో పాటు నేనూ అదే కోర్సులో చేరాను. పిన్నీ, అక్క కొడుకూ ఒకే బెంచీ మీద. మూడో సెమిస్టర్ మధ్యలో నేను మానేశాను, ఇప్పుడు కొరియర్ పొట్లాలు మోస్తున్నాను. దాని గురించి నాకు బాధా లేదు, ఇక్కడ చెప్పేదీ లేదు.

పిల్లలంతా ఆమెను జిరాక్స్ అక్క అంటారు. షాపు పెద్దదేం కాదు. రెండు యంత్రాలు, ఒక కాగితాల కటింగ్ మిషన్, కుట్టు వేసే బల్ల, వీధివైపు ఒక కిటికీ. కిటికీలోంచి పుస్తకం లోపలికి వస్తుంది, కాపీలు బయటికి పోతాయి. కుడిచేతి బొటనవేలికి ఎప్పుడూ రబ్బరు తొడుగు ఉంటుంది. పేజీలు తిప్పి తిప్పి ఆ వేలి మీద గీతలు అరిగిపోయాయని, వేలిముద్ర యంత్రం తనను మనిషిగా ఒప్పుకోవడం లేదని ఆమె ఫిర్యాదు.

స్పానిష్ ఆమెకు పాత యంత్రం వల్ల అబ్బింది. ఆ భాషలో కొన్ని అక్షరాల నెత్తిన చిన్న గీతలుంటాయి. పాత యంత్రం వాటిని మింగేసేది. ఒకరోజు స్పానిష్ మేడమ్ రోడ్డు దాటి వచ్చి కిటికీ దగ్గర నిలబడి గొడవ పెట్టుకుంది. "మీ మిషన్ నా భాషను తినేస్తోందండీ! పిల్లలు తప్పులు నేర్చుకుంటున్నారు." పిన్నికి తన పని బాగాలేదంటే ఒళ్ళు మండుతుంది. ఆ రోజు నుంచి సన్న ములుకు పెన్నుతో ప్రతి గీతనూ అసలు కాగితం మీద దిద్దాకే కాపీ తీసేది. దిద్దాలంటే ఏది ఎక్కడుండాలో తెలియాలి. తెలియాలంటే అడగాలి. మేడమ్ రోజూ సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు కిటికీ దగ్గర ఆగి ఐదు నిమిషాలు చెప్పేది. అలా ఐదేళ్ళు గడిచాక ఒకనాడు మేడమే అంది: "మీరు నా క్లాసులో సగంమంది కన్నా నయం. వచ్చి కూర్చోండి."

ఇంట్లో బాబాయి లిఫ్టులు బాగుచేసే మనిషి, మాట తక్కువ. "నీకు స్పానిష్ ఎందుకే? ఉన్న భాషలో నన్ను తిట్టేది చాలడం లేదా?" అన్నాడు.

"చాలట్లేదు" అంది పిన్ని. కాలేజీలో చేరిపోయింది.

ఇక అసలు కేసు సంగతి. అది పిన్ని కాలేజీలో చేరడానికి అయిదేళ్ళ ముందు మొదలైంది.

పరీక్షలకు ముందు రోజు ఒక కుర్రాడు సామాజిక శాస్త్రం నోట్సు తెచ్చాడు. సీనియర్ల దగ్గరి నుంచి చేతులు మారుతూ వచ్చిన నోట్సు. అందులో ఒక పేజీ తడిసి, సగం అక్షరాలు కొట్టుకుపోయాయి. "సామాజిక నియమాలు, ఉదాహరణ" అన్న శీర్షిక మిగిలింది, ఉదాహరణ మిగల్లేదు. "ఎలాగోలా తీసెయ్యక్కా, అరవై కాపీలు" అని వాడు వెళ్ళిపోయాడు. సగం ఖాళీ పేజీ తన షాపు నుంచి బయటికి పోవడం పిన్నికి పరువు తక్కువ. పై సగం చదివింది. ఎవరూ రాసిపెట్టకపోయినా అందరూ పాటించే నియమాల గురించి అది. ఉదాహరణ ఏం రాయాలా అని కిటికీలోంచి బయటికి చూసింది.

బయట వరుస ఉంది. పరీక్షల ముందురోజు వరుస ఎప్పుడూ గేటు దాకా ఉంటుంది. ఎండకు తట్టుకోలేని వాళ్ళు తమ సంచిని వరుసలో నేల మీద పెట్టి, పోయి నీడలో కూర్చుంటారు. సంచి వాళ్ళ బదులు నిలబడుతుంది. పిన్ని లెక్కపెట్టింది. నలభై ఒక్క చోట్లు. పదిహేను చోట్ల మనుషులు లేరు, సంచులే ఉన్నాయి. ఆ మధ్యాహ్నమంతా చూసింది. మనిషిని తోసుకుని ముందు దూరినవాళ్ళు ఆరుగురు. సంచిని దాటి దూరినవాళ్ళు ఒక్కరూ లేరు. ఎదురుగా ఉన్నవాడు తన చోటు తానే కాపాడుకోవాలి, లేనివాడి చోటు అందరూ కలిసి కాపాడతారు. ఇదే పది వాక్యాల్లో రాసింది. "ఒక దుకాణం ముందు" అని రాసింది కానీ ఏ దుకాణమో రాయలేదు. మన షాపు సంగతి వాళ్ళ చదువులో ఎందుకులే అనుకుందట.

చేతికందిన కాగితం, స్పానిష్ మేడమ్ పాఠం తీస్తుండగా సగం వచ్చి ఆగిపోయిన వృథా షీటు. పైనంతా తెలుపు, అడుగున మాత్రం పాఠంలోని ఒక స్పానిష్ వాక్యం అచ్చయి ఉంది. దాని గురించి పిన్ని పట్టించుకోలేదు. పైన రాసేసి, అరవై కాపీలు తీసింది.

మా మొదటి సంవత్సరంలో సామాజిక నియమాల పాఠం వచ్చింది. చెప్పేది శాఖాధిపతి. ఎవరేం చెప్పినా "ఆధారం ఏదీ?" అంటాడు కాబట్టి పిల్లలు ఆయనకు ఆధారం సార్ అని పేరు పెట్టారు. ఆ రోజు ఆయన చాక్‌పీసు తీసుకుని, "ఇప్పుడు ఒక ప్రసిద్ధ అధ్యయనం. స్పెయిన్‌లో జరిగింది. సంచుల అధ్యయనం అంటారు. నలభై ఒక్క చోట్లు, పదిహేను సంచులు" అని మొదలుపెట్టాడు.

పిన్ని నా తొడ మీద గిల్లింది. మచ్చ పడేలా గిల్లింది.

"ఒరేయ్, అది నాది."

"ఏంటి నీది?"

"ఆ సంచులు!"

అంతలో సార్ బోర్డు మీద ఆధారం రాశాడు. ఎవరో చూసి రాసుకున్నది, దాన్ని చూసి మరొకరు రాసుకున్నది, చివరికి ఏ జవాబు పత్రంలోంచో ఆయన దగ్గరికి చేరింది. అక్షరం అక్షరం స్పానిష్‌లో దించాడు: ఓల్విదే మి పరాగ్వాస్ ఎన్ ఎల్ అఉతోబూస్. మిగతా పిల్లలంతా తల వంచుకుని రాసుకున్నారు. పిన్ని చేతిరుమాలు నోట్లో కుక్కుకుని కిందికి జారిపోయింది. నాకు అర్థం కావడానికి ఆ సాయంత్రం దాకా పట్టింది. "నా గొడుగు బస్సులో మర్చిపోయాను." ఆ అధ్యయనానికి ఆధారం అదీ: వృథా షీటు అడుగున మిగిలిపోయిన పాఠం వాక్యం.

పిన్ని క్లాసులోనే లేవబోయింది. నేనే చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. "మొదటి ఏడాదే ఆయనతో పెట్టుకుంటావా? మూడేళ్ళు ఉండాలి ఇక్కడ" అన్నాను. ఆమె నా మాట విన్న ఒకే ఒక్కసారి అది, అదీ తప్పు సలహా.

షాపుకు వెళ్ళి, అసలు కాగితాన్ని అలాగే ఉంచి, నోట్సు కాపీలోంచి ఆ స్పానిష్ వాక్యాన్ని తెల్ల రంగు పూసి చెరిపేసింది. వారంలో పిల్లలు తిరగబడ్డారు. "అక్కా, పాత కాపీలో ఆధారం ఉంది, మీ కొత్త కాపీలో లేదు. రెండు మార్కులు పోతాయి. పాతదే తీయండి." అది గొడుగురా బాబూ అని చెబితే ఒక్కడూ నమ్మలేదు.

ఆ కోపంలోంచే వ్యాసం పుట్టింది. ఒకరోజు కుట్టు బల్ల దగ్గర దారం ఎక్కిస్తూ నాతో అంది: "నేను ఒక్క మధ్యాహ్నం చూసి రాశానురా. అది ఎప్పుడూ నిజమో, ఆ ఒక్కరోజుకే నిజమో నాకే తెలీదు. ఇంతమంది రాసేస్తున్నారు. సరిగ్గా లెక్కపెట్టకపోతే నాకు నిద్ర పట్టదు." లెక్కపెట్టింది. మూడేళ్ళలో పదకొండు పరీక్షల మధ్యాహ్నాలు, కిటికీ పక్కన అట్ట మీద కాగితం పెట్టుకుని గీతలు గీస్తూ, మరో చేత్తో కాపీలు తీస్తూ. ఎవరు సంచి పెట్టారు, ఎంతసేపు, ఎవరు దాటారు, పక్కవాళ్ళు ఏమన్నారు. నూట పది పేజీలయింది. తనే టైపు చేసి, తనే కుట్టి, అట్ట వేసి ఇచ్చింది. అందులో మొదటి అధ్యాయంలో సంచుల సంగతి చూసిన ఆధారం సార్, స్పెయిన్ అధ్యయనాన్ని దొంగిలించి సొంత షాపు పేరు తగిలించిందని నోటీసు ఇచ్చాడు.

విచారణకు ఇంటి మనిషిని ఒకరిని తోడు తెచ్చుకోవచ్చన్నారు. బాబాయికి ఆ రోజు ఎక్కడో లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. నన్ను రమ్మంది. "వచ్చి నోరు మూసుకుని కూర్చో. నువ్వు ఒక్క మాట మాట్లాడితే నా కేసు రెండు కేసులవుతుంది."

ప్రిన్సిపాల్ గది. పొడుగు బల్ల, అటు ముగ్గురు: ప్రిన్సిపాల్, ఆధారం సార్, స్పానిష్ మేడమ్. అధ్యయనం స్పెయిన్‌ది కాబట్టి అసలు పుస్తకం వెతికిపెట్టమని సార్ ఆవిడను పిలిపించాడు. ఇటు పిన్ని, చేతిలో ఒక దస్త్రం.

"చూడండమ్మా," అన్నాడు సార్, "వయసులో పెద్దవారు, కష్టపడి చదువుతున్నారు. అందుకే మర్యాదగా అడుగుతున్నాను. ఈ సంచుల ఆలోచన మీకు ఎక్కడి నుంచి వచ్చింది?"

"మా కిటికీలోంచి వచ్చింది సార్."

"ఇది స్పెయిన్‌లో ఎప్పుడో జరిగిన అధ్యయనం. ఎనిమిదేళ్ళుగా మన పిల్లలు పరీక్షల్లో రాస్తున్నారు. నేనే మార్కులు వేశాను."

"ఏ పుస్తకం సార్?"

"ఆధారం ఉంది."

"ఉంటే మేడమ్ గారితో ఒకసారి చదివించండి. అందరం వింటాం."

సార్ ఒక పాత జవాబు పత్రం మేడమ్ ముందు పెట్టాడు. ఆవిడ కళ్ళద్దాలు సవరించుకుంది. చదివింది. మళ్ళీ చదివింది. మొహం ఎర్రబడింది.

"చెప్పండి మేడమ్, రచయిత ఎవరు?" అన్నాడు ప్రిన్సిపాల్.

"రచయిత్రిని నేనేనండీ" అంది మేడమ్. "ఇది నా రెండో పాఠం. 'నా గొడుగు బస్సులో మర్చిపోయాను.' ఈ పాఠం నేను చెప్పింది ఒకే ఒక్క సంవత్సరం. తర్వాత గొడుగు తీసేసి గడియారం పెట్టాను."

పిన్ని దస్త్రం విప్పి అసలు కాగితం బల్ల మీద పరిచింది. పైన తన చేతిరాత, కింద గొడుగు. ఆమె ఏ అసలు కాగితాన్నీ పారేయదు. చిరిగిన కాపీ పట్టుకుని ఎవరో ఒకరు మళ్ళీ వస్తారని వృత్తిలో అలవాటు. మేడమ్ ఆ ఏటి పాఠాల పుస్తకం తెప్పించి పక్కన పెట్టింది. అక్షరాల మధ్య అదే ఎడం, అదే అచ్చు, అదే సంవత్సరం.

నాకు నవ్వు తన్నుకొస్తుంటే బల్ల కింద పిన్ని నా కాలు తొక్కింది.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. కాలేజీ వాళ్ళ సంగతి నాకు తెలియదని అప్పుడు తెలిసింది. ప్రిన్సిపాల్ గొంతు తగ్గించాడు.

"చూడమ్మా, ఇది బయటికి పోతే ఎనిమిదేళ్ళ పరీక్షలు, శాఖ పరువు, అన్నీ వీధిలో పడతాయి. ఒక పని చేద్దాం. వ్యాసంలోంచి ఆ మొదటి అధ్యాయం తీసెయ్యండి. వేరే ఏదైనా ఉదాహరణ పెట్టండి. నోటీసు వెనక్కి తీసుకుంటాం. అందరం హాయిగా ఉంటాం."

"తీసెయ్యకపోతే?"

"విశ్వవిద్యాలయానికి పంపాలి. వాళ్ళు తేల్చేసరికి ఆరేడు నెలలు. ఈలోగా పరీక్షలు అయిపోతాయి." ఆయన మేడమ్ వైపు చూశాడు. "స్పానిష్ సంగతి మీకు తెలిసిందే కదా."

నేను నోరు తెరిచాను. తీసెయ్ పిన్నీ అనడానికే తెరిచాను, అబద్ధం చెప్పను. ఒక్క అధ్యాయం, పోతే పోనీ, డిగ్రీ చేతికొస్తుంది. కాలు మీద మళ్ళీ పోటు పడింది.

"తీసెయ్యను సార్" అంది పిన్ని.

"ఆలోచించుకోండి..."

"పందొమ్మిదేళ్ళుగా మీ పిల్లల చదువంతా నా చేతుల మీదుగా పోయింది. అందులో నాది పది వాక్యాలు. ఆ పది నావి అంటే దొంగననిపించుకున్నాను. నావేనని తేలాక తీసెయ్యమంటున్నారు. దొంగగా ఉన్నప్పుడే నయం, కనీసం వాటిని ఉంచుకోనిచ్చారు." దస్త్రం మూసి తాడు కట్టింది. "పంపండి విశ్వవిద్యాలయానికి. ఇప్పుడే పంపండి. గొడుగు కాగితం కూడా జతచెయ్యండి. కాపీలు కావాలంటే నేను తీసిస్తాను, ఎన్ని కావాలో చెప్పండి."

మేడమ్ పుస్తకం అడ్డం పెట్టుకుని దగ్గింది. అది దగ్గు కాదని అందరికీ తెలుసు.

నోటీసు ఆ మధ్యాహ్నమే వెనక్కి పోయింది. వ్యాసం ఉన్నది ఉన్నట్టుగా ఉండిపోయింది. పిన్ని పరీక్షలన్నీ రాసింది. స్పానిష్ మౌఖిక పరీక్షకు బయటి నుంచి వచ్చినాయన, మీరేం పని చేస్తారు అని అడిగాడట. పావుగంట చెప్పిందట, యంత్రాల గురించి, కరెంటు గురించి, వరుసల గురించి. చాలమ్మా, ఇక ఆపండి అని ఆయన స్పానిష్‌లో బతిమాలుకోవాల్సి వచ్చిందని మేడమ్ చెప్పింది.

ఫలితాలు వచ్చాయి. పాసు. వ్యాసానికి మాత్రం వందకు నలభై. పాసవడానికి ఎంత కావాలో సరిగ్గా అంతే, ఒక్కటి ఎక్కువ లేదు.

"పాసయ్యావుగా, పోనీ" అన్నాడు బాబాయి.

పిన్ని కాలేజీ తిరిగిచ్చిన వ్యాసాన్ని బల్ల మీద పెట్టి, కుట్టు ఉన్న వైపు దాని వీపు మీద చేత్తో నిమిరింది. పుస్తకాన్ని అటూ ఇటూ వంచి చూసింది. "ఇటు రా" అని నన్ను పిలిచింది. "నేను కుట్టి జిగురు వేసిన పుస్తకం కొత్తలో తెరిస్తే చిటపటమంటుంది. తెరిచిన మేర జిగురు విరిగి, వీపు మీద గీత పడుతుంది. చూడు. పన్నెండో పేజీ దాకా విరిగింది. తర్వాత విరగలేదు." నా ముందే పదమూడో పేజీ తెరిచింది. చిటుక్కుమంది. "చదవలేదురా ఆయన. చదవకుండా నలభై వేశాడు."

మరుసటి రోజు నుంచి పిన్ని షాపు మధ్యాహ్నం గంటసేపు మూసేసి, వ్యాసం చంకలో పెట్టుకుని శాఖ గది ముందు బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టింది. మొదటి రోజు సార్ మీటింగులో ఉన్నాడు. రెండో రోజు రేపు రండి అన్నాడు. నాలుగో రోజు వెనక తలుపు నుంచి వెళ్ళిపోయాడు. ఆరో రోజు నేను అటుగా పొట్లం ఇవ్వడానికి వెళ్ళి చూశాను. సార్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో తాళాలు ఆడిస్తూ.

"అమ్మా, మీ బాధేంటో చెప్పండి. యాభై చేస్తే వెళ్తారా?"

"బేరానికి రాలేదు సార్. చదివి వెయ్యండి."

"చదివి వేస్తే తగ్గొచ్చు కూడా. ముప్పై రావచ్చు. అప్పుడు మీ డిగ్రీ పోతుంది, స్పానిష్ కూడా లేదు. తెలుసా?"

"తెలుసు. ముప్పై అయితే ముప్పై వెయ్యండి. ఎందుకో రాసి వెయ్యండి."

నేను అక్కడే నిలబడిపోయాను. వెర్రిదానా, పాసైన పరీక్షను మళ్ళీ ఫెయిలవడానికి ఎవరైనా వెంటపడతారా అని అరవాలనిపించింది. అరవలేదు. ఆయన చెయ్యి చాపాడు. పిన్ని వ్యాసం ఇచ్చింది, ఇచ్చేముందు మూడో అధ్యాయం దగ్గర ఒక కాగితం ముక్క పెట్టింది. సంచుల నియమం ఎక్కడ విరిగిపోతుందో ఆ అధ్యాయంలో రాసింది. ఒకరోజు వరుసలో ఎనిమిదిమంది మనుషులు, ముప్పై సంచులు. ఆ రోజు జనం సంచులను కాలితో పక్కకు నెట్టేశారు. కాపాడటానికి మనుషులు తక్కువైతే లేనివాడి చోటు కూడా పోతుందన్నమాట. ఇది ఆమె ఎనిమిదేళ్ళ నాటి మాటకు ఆమే పెట్టిన సవరణ. సార్ అది చూడనే లేదు అప్పటిదాకా.

పదహారు రోజులు పట్టింది ఆయనకు. ఆ పదహారు రోజుల్లో పిన్ని రెండుసార్లు కాగితాలు తలకిందులుగా పెట్టి కాపీలు తీసింది. తర్వాత వ్యాసం తిరిగొచ్చింది. వీపంతా గీతలు. అరవై ఒక్క మార్కులు. పక్కన ఖాళీల్లో ఎర్ర సిరాతో పద్నాలుగు అభ్యంతరాలు, ఒక్కోటీ సగం పేజీ.

పిన్ని మార్కుల వైపు ఒకసారి చూసి పక్కన పెట్టింది. అభ్యంతరాలు మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివింది. తొమ్మిదో దాని దగ్గర ఆగి, పాత లెక్క కాగితాల మీద గీతలు మళ్ళీ లెక్కపెట్టి, "ఇది ఆయన చెప్పిందే కరెక్టు" అని ఒప్పుకుంది. మిగతా పదమూడింటికీ జవాబు రాయడం మొదలుపెట్టింది. ఇప్పటికి ఆరు పూర్తయ్యాయి. అయినవి అయినట్టు రోడ్డు దాటి తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టి వస్తోంది.